రాత్రి పది దాటాక మెసేజ్ ఎవరి కోసం?

2024 ఆగస్టు 31, శనివారం. బెజవాడలో ఒకటే వాన. రాత్రి పదకొండు దాటాక మా చుట్టాల గ్రూపులో ఓ మెసేజ్ పడేశా: "బుడమేరు పొంగుతోందంట, కాస్త చూసుకోండి." పెట్టి పడుకున్నా. నా పని అయిపోయిందనుకున్నా.

సింగ్‌నగర్‌లో మా పిన్ని వాళ్లది కింద పోర్షన్. ఆవిడ గ్రూపుని మ్యూట్‌లో పెట్టుకుంది. పెట్టుకోదా మరి? రోజూ రాత్రి అందులో వచ్చేవి గుడ్ నైట్ గులాబీలు, పదిమందికి పంపకపోతే కీడు జరుగుద్దనే బెదిరింపులు. తెల్లారి లేచేసరికి నీళ్లు గడప దాటేసినయ్. మనుషులు మేడెక్కి బతికారు. బియ్యం, ఫ్రిజ్, పిల్ల సర్టిఫికెట్లు నీళ్లపాలు.

"మెసేజ్ పెట్టాగా పిన్నీ" అన్నా.

"ఫోన్ చెయ్యలేకపోయావా అబ్బాయ్?" అంది. నా దగ్గర జవాబు లేదు.

కొండపల్లి శాంతినగర్ దగ్గర బుడమేరుకి గండ్లు పడ్డం, ప్రకాశం బ్యారేజీలో వరద 11 లక్షల క్యూసెక్కులు దాటడం మనందరికీ తెల్సిందే. ఆ తర్వాత జరిగింది కూడా గుర్తుచేసుకోవాలి. బుడమేరుకి మళ్లీ గండి పడిందని పుకారు పుట్టింది. అధికారులు అబద్ధమని చెప్పేలోపే జనం మూటలు సర్దుకున్నారు. అంటే నిజం కబురు నిద్రలో కొట్టుకుపోయింది, అబద్ధం కబురు జనాన్ని పరిగెత్తించింది. రెండూ వచ్చింది ఒకే ఫోన్లోకి, ఒకే రకం టింగు మోతతో.

అసలు గొడవ ఇక్కడే ఉంది. రాత్రి మెసేజ్ పెడితే బరువు దిగేది పెట్టినోడికి. అవతలోడికి అందిందో లేదో మనం చూడం. పైగా అడ్డమైనవన్నీ పంపి, అవసరమైన మాటకి విలువ లేకుండా చేసేది కూడా మనమే.

కైకలూరు చెరువుల మీద కాపలా ఉండేవాళ్లని అడగండి. తెల్లారగట్ల నీళ్లలో ఆక్సిజన్ పడిపోద్ది. అప్పుడు కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే చేప పైకి తేలుద్ది. ఆ టైములో ఎవరూ రైతుకి మెసేజ్ పెట్టి కూర్చోరు. ఎత్తేదాకా ఫోన్ కొడతారు, లేదంటే బండేసుకుని ఇంటికే పోయి తలుపు కొడతారు. వాళ్లకున్న తెలివి మనకెందుకు లేదు?

ఇంకో రకం రాత్రి మెసేజ్‌లున్నాయి. వాటికి మర్యాద కాదు, రూలే ఉంది. బ్యాంకుల, ఫైనాన్స్ కంపెనీల రికవరీ ఏజెంట్లు బాకీ కోసం రాత్రి 7 తర్వాత, పొద్దున 8 లోపు ఫోన్ చెయ్యకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 ఆగస్టులోనే చెప్పింది. అర్ధరాత్రి బెదిరిస్తే భయపడి ఇంకో యాప్‌లో అప్పు చెయ్యకండి. స్క్రీన్‌షాట్ తీసి దాచండి, ఇంట్లో చెప్పండి, ఫిర్యాదు చెయ్యండి.

ఇక తమ్ముళ్లకో మాట. అర్ధరాత్రి అమ్మాయికి "హాయ్, పడుకున్నావా" అని పెడతారే, అదేం సరదా కాదు. ఆ టింగు మోతకి ఇంట్లో ఆ పిల్ల ఎవరెవరికి జవాబు చెప్పుకోవాలో ఆలోచించారా? చాలాచోట్ల ముందు లాక్కునేది ఆ పిల్ల ఫోనే, ఆ తర్వాత మాన్పించేది కాలేజీ. వద్దని తేల్చి చెప్పినా వెంటపడి మెసేజ్‌లు పెడుతుంటే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు పడొచ్చు.

నేనైతే ఆ వరద తర్వాత మారా. తెల్లారేదాకా ఆగే మాటైతే తెల్లారాకే పంపుతున్నా. ఆగనిదైతే ఫోన్ కొడుతున్నా. ఎవరు చెప్పారో తెలియని మాట నా దగ్గరే ఆపేస్తున్నా. మా గ్రూపులో గులాబీలు కూడా మాన్పించాం. కొందరు పెద్దోళ్లు అలిగారు, అలగనీ.

మా పిన్ని మాత్రం ఇప్పుడు గ్రూపు మ్యూట్ తీసేసింది. మళ్లీ పెట్టుకోవాల్సిన అవసరం రాకుండా చూడటం మా పని.