ఓఈటీ: నర్సింగ్ అంతా ఇంగ్లిష్‌లోనే చదివినా ఈ పరీక్షలో ఎందుకు తడబడతారు? యూకే దారి ఇరుకవుతున్న వేళ మన నర్సులు తెలుసుకోవాల్సినవి

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. పుస్తకాలు ఇంగ్లిష్‌లో, పరీక్షలు ఇంగ్లిష్‌లో, వార్డులో కేస్ షీట్ కూడా ఇంగ్లిష్‌లోనే. అయినా యూకేలో నర్సుగా పేరు నమోదు చేసుకోవాలంటే ఇంగ్లిష్ వచ్చని మళ్లీ నిరూపించుకోవాల్సిందే. మన దగ్గర్నుంచి వెళ్లేవాళ్లు ఇందుకోసం ఐఈఎల్‌టీఎస్ గానీ, ఆక్యుపేషనల్ ఇంగ్లిష్ టెస్ట్ (ఓఈటీ) గానీ రాస్తుంటారు.

ఓఈటీ ఒక్కసారి రాయడానికే ఫీజు 30 వేల రూపాయల పైమాటే. జిల్లా కేంద్రాల్లో ప్రైవేట్ ఆస్పత్రుల్లో పనిచేసే చాలామంది స్టాఫ్ నర్సులకు అది నెల జీతం కంటే ఎక్కువ. కోచింగ్, హాస్టల్ ఖర్చులు దీనికి అదనం. ఇదివరకైతే ‘పోతే మళ్లీ రాద్దాంలే’ అనుకునే వీలుండేది. ఇప్పుడు ఆ ధీమా పనికిరాదు. ఎందుకో చూద్దాం.

యూకేలో ఏం మారింది?

అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ (ఎన్‌ఎంసీ) లెక్కలు చూస్తే పరిస్థితి అర్థమవుతుంది. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు విదేశాల నుంచి వచ్చి కొత్తగా రిజిస్టర్ అయినవారి సంఖ్య అంతకుముందు ఏడాదితో పోలిస్తే సుమారు 30 శాతం తగ్గింది. ఆ తర్వాతి ఆరు నెలల్లో అయితే దాదాపు సగానికి పడిపోయింది. ఎన్‌హెచ్‌ఎస్‌లో విదేశీ నియామకాలను 2035 నాటికి 10 శాతం లోపుకు తేవాలన్నది బ్రిటన్ ప్రభుత్వం 2025 జులైలో విడుదల చేసిన పదేళ్ల ఆరోగ్య ప్రణాళికలోని లక్ష్యం.

ఇంకో దారి కూడా మూసుకుపోయింది. ముందు కేర్ వర్కర్‌గా వెళ్లి, అక్కడే ఉండి నర్సు రిజిస్ట్రేషన్ సంపాదించుకుందాం అని ప్లాన్ చేసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడం ఆపేశారు.

ఇక 2026 జనవరి 8 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు కావాల్సిన ఇంగ్లిష్ స్థాయిని బీ1 నుంచి బీ2కు పెంచారు. మరి నర్సులు ఇంకో పరీక్ష రాయాలా? అక్కర్లేదు. ఎన్‌ఎంసీ ఒప్పుకున్న ఇంగ్లిష్ పరీక్ష పాసైన నర్సులు వీసా కోసం విడిగా మరొకటి రాయనవసరం లేదు. ‘కొత్త రూల్ వచ్చింది, ఇంకో కోర్సు కట్టండి’ అని ఎవరైనా అంటే నమ్మకండి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఓఈటీ ఫలితం రెండేళ్ల వరకే పనికొస్తుంది. ఉద్యోగాలు తగ్గిన సమయంలో రెండేళ్లంటే పెద్ద గడువేం కాదు. కాబట్టి డిగ్రీ సర్టిఫికెట్లు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, అనుభవ పత్రాలు ఏవీ సిద్ధం చేసుకోకుండా పరీక్ష ముందు రాసేస్తే స్కోరు చేతిలో ఉండగానే గడువు కరిగిపోయే ప్రమాదం ఉంది.

ఎన్ని మార్కులు రావాలి?

ఓఈటీ పుట్టింది 1980ల చివర్లో, ఆస్ట్రేలియాలో. విదేశాల నుంచి వచ్చే వైద్య సిబ్బంది భాషను పరీక్షించడానికి దీన్ని రూపొందించారు. నర్సులు, డాక్టర్లు, ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టులు సహా 12 వృత్తుల వాళ్లు రాయొచ్చు. లిజనింగ్, రీడింగ్ అందరికీ ఒకటే. రైటింగ్, స్పీకింగ్ మాత్రం ఎవరి వృత్తికి తగ్గట్టు వాళ్లకు ఉంటాయి. నర్సుకు నర్సు పేపరే వస్తుంది.

ప్రతి విభాగానికీ 0 నుంచి 500 వరకు స్కోరు ఇస్తారు. 350 దాటితే బీ గ్రేడ్. ఎన్‌ఎంసీకి లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లో 350 చొప్పున, రైటింగ్‌లో 300 రావాలి. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రాస్తే మూడింట్లో 7, రైటింగ్‌లో 6.5 కావాలి.

ఒకేసారి అన్నీ రాకపోతే? 2023 ఫిబ్రవరి నుంచి కాస్త ఊరట ఉంది. 12 నెలల్లోపు రాసిన రెండు సిట్టింగ్‌ల స్కోర్లను కలిపి చూపించొచ్చు. అంతకుముందు ఈ గడువు ఆరు నెలలే. కాకపోతే ఏ సిట్టింగ్‌లోనూ మార్కులు మరీ పడిపోకూడదని కనీస పరిమితి పెట్టారు. కొద్ది తేడాతో స్కోరు తప్పినవాళ్లకు పనిచేసే చోట యజమాని ఇచ్చే ధ్రువీకరణను కూడా లెక్కలోకి తీసుకుంటారు. కానీ అది ఇప్పటికే యూకేలో ఏడాది పాటు ఆరోగ్య, సంరక్షణ రంగంలో పనిచేసినవాళ్లకే. ఇక్కడి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు ఉపయోగపడదు.

అసలు చిక్కు ఎక్కడ?

మన నర్సుల ఇంగ్లిష్ ఎక్కువగా కాగితం మీద ఉంటుంది. మందుల చార్ట్ రాస్తారు, ల్యాబ్ రిపోర్ట్ చదువుతారు, డాక్టర్ రాసింది అర్థం చేసుకుంటారు. రోగితో మాట్లాడేది మాత్రం తెలుగులో. అందులో తప్పేమీ లేదు, రోగికి అర్థమయ్యే భాషలోనే మాట్లాడాలి కదా! కానీ దాని ఫలితంగా నాలుగేళ్ల చదువు, ఐదేళ్ల అనుభవం ఉన్న సిస్టర్ కూడా ఒక రోగిని ఇంగ్లిష్‌లో ఓదార్చిన సందర్భం జీవితంలో ఒక్కటీ ఉండకపోవచ్చు. ఓఈటీ స్పీకింగ్ సరిగ్గా అక్కడే పట్టుకుంటుంది.

స్పీకింగ్‌లో రెండు రోల్‌ప్లేలు ఉంటాయి. కార్డు ఇస్తారు, చదువుకోవడానికి మూడు నిమిషాలు, మాట్లాడటానికి ఐదు నిమిషాలు. ఎదుటివ్యక్తి రోగిగానో, రోగి బంధువుగానో నటిస్తారు. ఆ వ్యక్తి మార్కులు వేయరు. రికార్డింగ్ విని వేరేవాళ్లు వేస్తారు.

ఉదాహరణకు ఇలాంటి కార్డు వచ్చిందనుకుందాం. ఒక పెద్దాయనకు షుగర్ ఉంది, ఇన్సులిన్ వద్దంటున్నాడు. మన వార్డులో అయితే ఏమంటాం? ‘వేసుకోకపోతే కాలు తీసేయాల్సి వస్తుంది తాతా, మాట విను’ అంటాం. ప్రేమగానే అంటాం, చాలాసార్లు పనిచేస్తుంది కూడా. ఓఈటీలో మాత్రం దీనికి మార్కులు తగ్గుతాయి. ఎందుకంటే ఆయన ఎందుకు వద్దంటున్నాడో మనం అడగలేదు. సూది భయమా? ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వదలదని ఎవరైనా చెప్పారా? ఇంట్లో ఇంజెక్షన్ వేసేవాళ్లు లేరా?

స్పీకింగ్‌లో భాషకు నాలుగు ప్రమాణాలు ఉంటే, రోగితో వ్యవహరించే తీరుకు ఐదు ఉన్నాయి. రోగితో నమ్మకం ఏర్పరచుకోవడం, ఆయన వైపు నుంచి ఆలోచించడం, మాటను ఒక క్రమంలో నడపడం, వివరాలు రాబట్టడం, విషయం అర్థమయ్యేలా చెప్పడం.. ఇవీ ఆ ఐదు. ‘ఐ కెన్ సీ దిస్ ఈజ్ వర్రీయింగ్ యూ. వాట్ బాదర్స్ యూ మోస్ట్?’ అని చిన్న మాటతో మొదలుపెట్టి, జవాబు విని, దాన్నిబట్టి ముందుకెళ్తే చాలు. భారీ పదాలు అక్కర్లేదు.

ఇక్కడ నర్సులను తప్పుపట్టడానికి లేదు. మన ఆస్పత్రుల్లో రోగం గురించి వివరించే పని డాక్టర్‌దే అన్నట్టుగా నడుస్తుంది. ఒక్కో నర్సు చేతిలో పదుల మంది రోగులుంటే తీరిగ్గా కూర్చుని అడిగే సమయం ఎక్కడిది? యూకేలో మాత్రం అది నర్సు రోజువారీ పనిలో భాగం. అందుకే పరీక్ష కూడా అదే అడుగుతుంది.

యాస గురించి భయపడేవాళ్లకు ఒక మాట. తెలుగు యాస ఉన్నంత మాత్రాన మార్కులు పోవు, వినేవాళ్లకు అర్థం కావాలి అంతే. ఎగ్‌ను ‘యెగ్గు’ అనడం, పెయిన్‌ను ‘పెయిన్ను’ అంటూ చివర అచ్చు తగిలించడం తగ్గించుకుంటే మంచిది. మాటలు కూడా చూసుకోవాలి. ఇక్కడ ‘లూజ్ మోషన్స్’ అంటే అందరికీ తెలుసు. అక్కడి రోగికి డయేరియా అనాలి. ‘షుగర్ ఉందా?’ అంటే టీలోకి చక్కెర అడుగుతున్నారనుకుంటారు!

రైటింగ్: ఏం రాయాలో కాదు, ఏం వదిలేయాలో

రైటింగ్‌లో కేస్ నోట్స్ ఇచ్చి ఒక లెటర్ రాయమంటారు. చదువుకోవడానికి 5 నిమిషాలు, రాయడానికి 40 నిమిషాలు. లెటర్ 180 నుంచి 200 పదాల్లో ముగియాలి. సాధారణంగా రోగిని మరొకరికి అప్పగించే లెటరే వస్తుంది.

చాలామంది నోట్స్‌లో ఉన్నదంతా దింపేస్తారు. తుంటి ఆపరేషన్ అయి ఇంటికెళ్తున్న 70 ఏళ్ల ఆమె గురించి కమ్యూనిటీ నర్సుకు రాస్తున్నారనుకోండి. డ్రెస్సింగ్ ఎప్పుడు మార్చాలి, ఏ మందులు వాడుతోంది, వాకర్‌తో ఎంత దూరం నడవగలదు, ఇంట్లో తోడు ఎవరున్నారు.. ఇవి కావాలి. ముప్ఫై ఏళ్ల కిందట టాన్సిల్స్ తీయించుకున్న సంగతి ఆ నర్సుకు ఎందుకు? అది రాస్తే అసలు విషయానికి చోటు తగ్గుతుంది. మార్కులు వేసే ఆరు ప్రమాణాల్లో మొదటిది ‘పర్పస్’. ఈ లెటర్ ఎందుకు రాస్తున్నారో మొదటి పేరాలోనే తెలిసిపోవాలి.

డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్ ఇస్తాం కదా. తర్వాతి డ్యూటీ సిస్టర్‌కు ఏది అవసరమో అదే చెప్తాం. ఈ లెటర్ కూడా అలాంటిదే.

కోచింగ్ మాటేంటి?

కోచింగ్ వద్దని కాదు. రోల్‌ప్లే చేయడానికి ఎదురుగా మనిషి కావాలి, లెటర్ దిద్దడానికి తెలిసినవాళ్లు కావాలి. కానీ బట్టీ కొట్టించే రెడీమేడ్ లెటర్లు, అన్ని కార్డులకూ ఒకే డైలాగులు నేర్పితే ఉపయోగం తక్కువ. ఎదుటివ్యక్తి ఊహించని ప్రశ్న వేస్తే అంతా మర్చిపోతారు. చేరేముందు ఈ మూడు ప్రశ్నలు అడగండి. వారానికి నా లెటర్లు ఎన్ని దిద్దుతారు? ఒక్కొక్కరితో రోల్‌ప్లే ఎన్నిసార్లు చేయిస్తారు? నర్సింగ్ తెలిసినవాళ్లు బోధిస్తారా?

‘గ్యారంటీ స్కోర్’, ‘పరీక్ష రాయకుండానే సర్టిఫికెట్’ అనేవాళ్ల జోలికి అసలు పోవద్దు. 2022లో గుజరాత్ యువకుల ఉదంతం గుర్తుందా? కెనడా నుంచి పడవలో అమెరికాలోకి వెళ్తూ పట్టుబడ్డారు. చేతిలో 6.5 నుంచి 7 బ్యాండ్ ఐఈఎల్‌టీఎస్ స్కోర్లున్నాయి, కోర్టులో జడ్జి అడిగితే ఇంగ్లిష్‌లో జవాబు చెప్పలేకపోయారు. చివరికి మెహ్సానా పోలీసులు పరీక్షలో అక్రమాలపై దర్యాప్తు చేయాల్సి వచ్చింది. నర్సు విషయంలో ఇది ఇంకా ప్రమాదం. రోగి ఏం చెప్తున్నాడో అర్థం కాకపోతే మందు తప్పిపోతుంది.

డ్యూటీ చేస్తూ ఎలా చదవాలి?

ముందు ఓఈటీ అధికారిక వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే శాంపిల్ టెస్ట్ ఒకటి టైమ్ పెట్టుకుని రాయండి. ఏ విభాగం బలహీనమో తెలిశాకే కోచింగ్ సంగతి ఆలోచించండి.

లిజనింగ్‌లో ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. మొదటి భాగంలో రోగితో సంభాషణలు రెండు విని 24 ఖాళీలు నింపాలి. బ్రిటిష్, ఆస్ట్రేలియన్ యాసల్లోని ఆరోగ్య పాడ్‌కాస్టులు రోజూ 20 నిమిషాలు విని నోట్స్ రాసుకుంటే చెవి అలవాటు పడుతుంది. రీడింగ్ మొదటి భాగంలో 15 నిమిషాల్లో 20 ప్రశ్నలు. పూర్తిగా చదువుతూ కూర్చుంటే టైమ్ చాలదు, కావాల్సిన అంకె, పేరు వెతికి పట్టుకోవడం ప్రాక్టీస్ చేయాలి.

స్పీకింగ్‌కు వార్డుకు మించిన క్లాస్‌రూమ్ లేదు. ఈరోజు మీరు తెలుగులో మాట్లాడిన ఒక రోగిని గుర్తు తెచ్చుకుని, అదే సంభాషణ ఇంటికెళ్లాక రూమ్‌మేట్‌తో ఇంగ్లిష్‌లో చేయండి. ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. రోగిని ఎన్ని ప్రశ్నలడిగారు, ఎన్నిసార్లు మధ్యలో అడ్డుపడ్డారు లెక్కపెట్టండి. వారానికి రెండు లెటర్లు రాసి, నర్సింగ్ తెలిసిన సీనియర్‌కు చూపించండి.

కాలేజీలు చేయాల్సింది కూడా ఉంది

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీ కొత్త సిలబస్‌లో కమ్యూనికేటివ్ ఇంగ్లిష్ సబ్జెక్ట్ పెట్టింది. మంచిదే. కానీ అది మొదటి సెమిస్టర్‌లోనే 40 గంటల్లో అయిపోతుంది. అప్పటికి విద్యార్థులు రోగిని సరిగ్గా చూసి కూడా ఉండరు. మూడు, నాలుగో ఏడాదిలో, వార్డు అనుభవం వచ్చాక వారానికి ఒక గంట రోల్‌ప్లే పెడితే చదువు పూర్తయ్యేసరికి సగం ప్రిపరేషన్ అయిపోయినట్టే. తెలంగాణలో టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థలు విదేశీ ఉద్యోగాల కోసం నర్సులకు భాషా శిక్షణ ఇప్పిస్తున్నాయి. అదే శిక్షణ కాలేజీ స్థాయికి దిగితే అప్పుచేసి మరీ కోచింగ్‌కు పరిగెత్తే పని తప్పుతుంది.

యూకే తలుపు పూర్తిగా మూసుకోలేదు. ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ నర్సింగ్ బోర్డులు కూడా ఓఈటీని ఒప్పుకుంటాయి. కానీ ఒక్కో దేశం స్కోరు నిబంధన ఒక్కోలా ఉంటుంది, మారుతూ ఉంటుంది కూడా. అందుకే ఫీజు కట్టేముందు, వెళ్లాలనుకునే దేశం నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్‌ను మీరే తెరిచి చూసుకోండి. ఏజెంట్ చెప్పింది దాంతో సరిపోలితేనే డబ్బు కట్టండి.