ఇచ్చేముందు ఒక్క ప్రశ్న

బదిలీ ఉత్తర్వు చేతికందిన నాటి నుండి క్వార్టరు తాళం చెవులు అప్పగించే నాటి వరకు మన ఉద్యోగుల ఇళ్ళలో జరిగే హడావిడి పాఠకులకు కొత్త కాదు. పిల్లల టి.సి.లు, రైలు టిక్కెట్లు, నో డ్యూస్ పత్రం, వీటన్నిటి నడుమ అటక మీది సామాను ఒక పెద్ద సమస్యగా నిలుస్తుంది. తీసుకుపోవడానికి లారీలో చోటు చాలదు, పారవేయడానికి మనసొప్పదు. అప్పుడు అందరికీ తట్టే మాట ఒక్కటే: "ఎవరికైనా దానం చేద్దాం."

ఈ 'ఎవరికైనా' అన్న మాటలోనే పొరపాటు ఉన్నదని మేము ఆలస్యంగా గ్రహించాము. ఆ అనుభవాన్నే ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము.

2011లో మాకు బదిలీ అయినప్పుడు, ప్రయాణానికి రెండు రోజుల ముందు, ట్రాలీ ఆటో నిండా సామాను నింపి ఊరి చివరనున్న ఒక బాలల వసతి గృహానికి తీసుకువెళ్ళాము. పాత టీవీ, చల్లదనం తగ్గిన ఫ్రిజ్, ఒక కోడు విరిగిన మంచం, రెండు మూటల బట్టలు. వార్డెన్ గారు వృద్ధులు. మమ్మల్ని సాదరంగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, వెనుకనున్న ఒక గది తలుపు తెరచి చూపించారు. నేల నుండి కప్పు దాకా మావంటి దాతలు ఇచ్చిన సామానే: పనిచేయని కంప్యూటర్లు, జత తప్పిన బూట్లు, సిలబస్ మారిపోయిన పుస్తకాలు. "అయ్యా, మీ దయకు కృతజ్ఞులం. ఈ గది ఖాళీగా ఉంటే పదిమంది పిల్లలు పడుకుంటారు. వీటిని బయట వేయించాలన్నా బండి కిరాయి మేమే పెట్టుకోవాలి" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందువల్లనే మాకు మరింత సిగ్గు కలిగింది. టీవీని, ఫ్రిజ్‌ను, మంచాన్ని తిరిగి ట్రాలీ ఎక్కించాము. బట్టలలో సగం మాత్రమే ఆయన ఉంచుకున్నారు.

తిరుగు దారిలో కఠోపనిషత్తులోని కథ జ్ఞాపకం వచ్చింది. వాజశ్రవసుడు యజ్ఞం చేసి సర్వస్వం దానమిస్తున్నాడు. నీరు త్రాగే ఓపిక, గడ్డి మేసే శక్తి ఉడిగి, పాలింకిన ముసలి ఆవులు దానంగా వెళ్ళుతుంటే చూచి, బాలుడైన నచికేతుడు కలత చెందాడు. అతడు యముని వద్దకు వెళ్ళిన సంగతి అందరికీ తెలిసినదే. ఆ కథకు మొదలు ఈ వట్టిపోయిన ఆవులేనన్న సంగతి మాత్రం మరచిపోతుంటాము. దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కించరాదని సామెత. పుచ్చుకొనేవారు లెక్కించరాదు, సరే. ఇచ్చేవారు మాత్రం లెక్కించి తీరాలి.

గత సంవత్సరం మళ్ళీ బదిలీ అయింది. ఈసారి రెండు నెలల ముందే ప్రారంభించాము. సామాను కంటే ముందు మేమే వెళ్ళాము. ఒక వృద్ధాశ్రమం, ఒక బాలికల వసతి గృహం, ఒక ప్రభుత్వ పాఠశాల. మూడు చోట్లా అడిగినది ఒక్కటే: "మీకు ఏమి అవసరం?" వృద్ధాశ్రమం వారు చేతులున్న కుర్చీలు కోరారు; ఆనిక లేనిదే మోకాళ్ళ నొప్పులవారు లేవలేరట. వసతి గృహం వారికి కావలసినవి బక్కెట్లు, తాళం వేసుకోగల ట్రంకు పెట్టెలు. పాఠశాలకు ఒక ఇనుప బీరువా, పుస్తకాలను ఎలుకల నుండి కాపాడుకోవడానికి. మేము ఘనంగా భావించిన సోఫా ఎవరికీ అక్కరలేదు. దానిని అమ్మి, ఆ సొమ్ముతో కొత్త బక్కెట్లు కొని ఇచ్చాము.

కర్మాగారంలో మరమ్మతు చేసిన ఏ యంత్రాన్నీ పరీక్షించకుండా మనం అప్పగించము. గృహోపకరణాలకూ అదే నియమం. నెమ్మదిగా తిరిగే సీలింగ్ ఫ్యానుకు చాలా సందర్భాలలో కెపాసిటరు మార్చితే చాలు. ఇస్త్రీ పెట్టెకు మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ తీగ సరిగా ఉన్నవో లేవో చూడాలి. కుక్కరుకు గాస్కెట్, సేఫ్టీ వాల్వు కొత్తవి వేయించాలి. ఈ చిల్లర ఖర్చు దాతయే భరించాలి.

కొన్నింటిని దానం చేయరాదు. గ్యాస్ సిలిండరు, రెగ్యులేటరు చమురు సంస్థ ఆస్తి. వాటిని డీలరుకు అప్పగించి, డిపాజిట్టు వాపసు పొందాలి. స్టవ్ మనది, ఇవ్వవచ్చు, కాని కొత్త ట్యూబుతో. పాత టీవీల పిక్చర్ ట్యూబు గాజులో సీసం ఉంటుంది. చాలా పాత ఫ్రిజ్‌లలో ఓజోన్ పొరకు హాని చేసే వాయువు ఉండవచ్చు. పాడైన అటువంటి వాటిని పగులగొట్టి ఇనుము, రాగి ఏరుకునే వారి పాలు చేయక, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లింగ్ సంస్థకు చేర్చడమే ఉచితం.

బట్టల విషయంలో అంశు గుప్తా 1999లో ఢిల్లీలో ప్రారంభించిన 'గూంజ్' సంస్థ అనుసరించే పద్ధతి గమనింపదగినది. గ్రామస్థులు తమ ఊరి బావి బాగుచేసుకోవడం, దారి వేసుకోవడం వంటి పనులు చేసుకుంటే, ఆ శ్రమకు ప్రతిఫలంగా బట్టలు అందుతాయి. పుచ్చుకొనేవారు తల వంచవలసిన పని లేదు. 2015లో అంశు గుప్తాకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

ఇక మా ఇంటి మాట. వసతి గృహం వారి జాబితాలో చివరన 'కుట్టు మిషను, ఉంటే' అని వ్రాసి ఉన్నది. మా ఇంట్లో ఉన్నది మా తల్లిగారి కాలి మిషను. ఆమె గతించి ఆరేళ్ళయింది. అప్పటి నుండి దానిని తుడిచి నూనె వేయడమే కాని, కుట్టినవారు లేరు. వారం రోజులు ఆ పంక్తిని చూడనట్లే గడిపాము. అక్కరలేని దానిని ఇవ్వడం ఎంత సులభమో, అవతలివారికి అక్కరైన దానిని ఇవ్వడం ఎంత కష్టమో ఆ వారంలో తెలిసింది. చివరకు తోలు బెల్టు మార్పించి, స్వయంగా తీసుకువెళ్ళాము. ఒక అమ్మాయి కూర్చుని తొక్కింది. దారం రెండుసార్లు తెగింది. మా శ్రీమతి ప్రక్కన నిలబడి మర సరిచేసింది. మూడవసారి కుట్టు నిలిచింది.

క్వార్టరు ఖాళీ చేయబోయే మిత్రులకు మా మనవి ఇదే. అటక మీది నుండి సామాను దించడానికి ముందు, ఒక కాగితం, కలం తీసుకుని, పుచ్చుకొనేవారి గడప వరకు ఒకసారి వెళ్ళి రండి.