సొరుగులో ఫరెవర్ స్టాంపులు

మొన్న జూలైలో మావారు ఆఫీసు నుంచి ఫోన్ చేశారు. "ఆదివారం నుంచి స్టాంపు 73 సెంట్ల నుంచి 78 అవుతుందట. పోస్టాఫీసుకెళ్ళి ఓ ఐదు బుక్‌లెట్లు తెచ్చి పడెయ్యి" అని. బుక్‌లెట్‌కి ఇరవై చొప్పున వంద స్టాంపులు. 73 డాలర్లు పెడితే మిగిలేది ఐదు డాలర్లు. మనింట్లో ఏడాదికి అయ్యేవి గట్టిగా పది. అంటే పదేళ్ళ సరుకన్నమాట! కందిపప్పు చౌకగా దొరికిందని పదేళ్ళకి సరిపడా కొంటామా?

అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ళకి ఈ ఫరెవర్ స్టాంపు సంగతి చెప్పాలి. దాని మీద ధర ఉండదు, 'ఫరెవర్' అనే ఉంటుంది. ఎప్పుడు కొన్నా సరే, ఒక ఔన్సు లోపు, అంటే దాదాపు 28 గ్రాముల లోపు మామూలు ఉత్తరాన్ని ఈ దేశంలో ఎక్కడికైనా తీసుకెళుతుంది. 2007 ఏప్రిల్‌లో లిబర్టీ బెల్ బొమ్మతో మొదటిది వచ్చినప్పుడు 41 సెంట్లు. అంతకుముందు ధర పెరిగినప్పుడల్లా పాత స్టాంపు పక్కన ఒక సెంటువీ, రెండు సెంట్లవీ వెతికి అంటించుకోవాల్సి వచ్చేది. ఆ బాధ తీరింది. నిజంగా మంచి ఏర్పాటు.

ఆనాటి 41 సెంట్ల స్టాంపు ఇవాళ 78 సెంట్ల పని చేస్తుంది కదా, ఇది బంగారం లాంటిదే అంటారు మావారు. నేనొప్పుకోను. బంగారమైతే అవసరానికి అమ్ముకోవచ్చు. స్టాంపుల్ని పోస్టాఫీసు వెనక్కి తీసుకుని డబ్బివ్వదు. పైగా 2016లో ఒకసారి ధర 49 నుంచి 47కి తగ్గింది కూడా. వాడుకుంటేనే దానికి విలువ.

అలాగని సగం ధరకే స్టాంపులంటూ ఆన్‌లైన్‌లో కనిపించే ప్రకటనల జోలికి మాత్రం వెళ్ళకండి. మా స్నేహితురాలు గృహప్రవేశం కార్డులకి అలాగే కొంది. కార్డులు చేరలేదు, వెనక్కీ రాలేదు. నకిలీ స్టాంపు అంటించిన ఉత్తరాన్ని వదిలేసిన సరుకు కింద లెక్కగట్టి పారేసే హక్కు పోస్టాఫీసుకి ఉంది. పది డాలర్లు మిగుల్చుకోబోయి, పిలవలేదని అలిగిన పెద్దవాళ్ళని బతిమాలుకోవాల్సొచ్చింది పాపం.

ఇంతకీ ఆ రోజు పోస్టాఫీసుకి వెళ్ళేముందు ఇంట్లో ఎన్నున్నాయో చూద్దామని సొరుగు తీశాను. ఫరెవర్ స్టాంపులు ఓ పద్నాలుగు ఉన్నాయి. అడుగున ఒక కవరులో గుండ్రటి గ్లోబల్ ఫరెవర్ స్టాంపులు ఆరు కనిపించాయి. ఇవి విదేశాలకి పంపే ఉత్తరాల కోసం. 2013లో ఇవి కొత్తగా వచ్చినప్పుడు ఒక్కోటి డాలరూ పది సెంట్లు పెట్టి కొన్నాను, తెనాలిలో ఉన్న అమ్మకి నెలకో ఉత్తరం రాద్దామని. ఒక్కటీ వాడలేదు. ఈలోగా వాట్సాప్ వచ్చింది, వీడియో కాల్ వచ్చింది. రోజూ మొహం చూస్తుంటే ఉత్తరమెందుకులే అనుకున్నాను.

ఇప్పుడు అమ్మకి చెవులు సరిగ్గా వినబడవు. మిషను పెట్టుకుంటే గోల గోలగా ఉందని తీసేస్తుంది. ఫోన్లో "తిన్నావా?" అంటే "ఆఁ, ఇక్కడ వానలే" అంటుంది. రెండు నిమిషాలకి "ఇదిగో, వదినతో మాట్లాడు" అని ఫోన్ ఇచ్చేస్తుంది. నేను అరిచి చెప్పేవన్నీ వంటింట్లోంచి వదిన మళ్ళీ అరిచి చెబుతుంది. అలా చెప్పగలిగినవి ఎన్నుంటాయి? పిల్లాడి చదువు, ఇక్కడి ఎండలు, అంతే.

కళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి, ఆపరేషనయ్యాక పేపరు మొత్తం చదివేస్తోంది. ఆ సంగతి నాకు తెలియక కాదు, తోచలేదంతే.

ఆ రాత్రి కూర్చుని మూడు కాగితాలు రాశాను, పెద్దక్షరాలతో. పన్నెండేళ్ళ కిందటి స్టాంపే అంటించాను. ఇప్పుడు దాని ధర డాలరూ డెబ్భై. చేరాక వదిన ఫోన్ చేసింది. "అత్తయ్య పొద్దుటి నుంచీ మూడుసార్లు చదివారు. దిండు కింద పెట్టుకున్నారు. నన్ను ముట్టుకోనివ్వడం లేదు" అని నవ్వింది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

అందుకే నా మాట ఇది. ఒక బుక్‌లెట్, ఇండియాకి రాసేవాళ్ళైతే నాలుగు గ్లోబల్ స్టాంపులు, అదీ పోస్టాఫీసులోనే కొనుక్కోండి. మామూలు ఫరెవర్‌లే ఉంటే ఇండియాకి ఇవాళ్టి ధరల్లో రెండు చాలవు, మూడు అంటించాలి. అయిపోయాక మళ్ళీ కొనుక్కోవచ్చు, ధర పెరిగితే పెరగనివ్వండి. స్టాంపు ఎన్నేళ్ళున్నా పాడవదు కదా అనే ధీమాతోనే నేను పన్నెండేళ్ళు వాయిదా వేశాను. అమ్మకి ఇప్పుడు ఎనభై రెండు.

ఐదు బుక్‌లెట్లు తేలేదని మావారు ఇంకా సణుగుతూనే ఉన్నారు. గుండ్రటివి ఐదు మిగిలాయి. రెండో ఉత్తరం సగమైంది, ఇది ముగించి అది పూర్తి చేయాలి.