ఈ పాట ఎవరిది?

నర్సీపట్నం కాంప్లెక్సులో చింతపల్లి బస్సెక్కితే పాటకు కొదవుండదు. ముందు సీటులో ఒక ఫోను, వెనక సీటులో మరో ఫోను. మధ్యన కూర్చున్నవాడి చెవులకు స్వాతంత్ర్యం లేదు. కిందటి నెలలో నా పక్కన ఓ కుర్రాడు కూర్చున్నాడు. పాట సగంలో ఉండగానే వేలితో తోసేసి ఇంకో పాట, అది అందుకునేలోగా మరొకటి. ఘాట్ రోడ్డెక్కి నాలుగు మలుపులు తిరిగేసరికి సిగ్నల్ పోయింది. తెర మీద గుండ్రటి గుర్తు తిరుగుతూ ఉండిపోయింది. బస్సులో ఇంజను మోత తప్ప ఏమీ లేదు.

"ఇందాకటి పాట ఎవరు రాశారు బాబూ?" అన్నాను.

"తెలీదండీ. దానంతటదే వచ్చేసింది."

"పోనీ, చరణం పాడు, విందాం."

పల్లవి దాటి రాదన్నాడు. నవ్వబోయి ఆగిపోయాను. ఆ చరణం నాకూ రాదు. బస్సులో ఎవరికీ వచ్చినట్టు లేదు. నలభై మందిమి గంటసేపు విన్నాం. సిగ్నల్ పోగానే మా దగ్గర ఒక్క పాటా మిగల్లేదు.

దానంతటదే వచ్చేసిందట! ఏ పాటైనా దానంతటదే వస్తుందా? ఒక కవి నిద్ర మానుకోకుండా, ఒక గాయకుడు గొంతు అరగదీసుకోకుండా, ఒక వాద్యకారుడు వేళ్ళు కాయలు కాయించుకోకుండా ఏ స్వరమైనా మన చెవిదాకా నడిచివచ్చిందా? ఘంటసాల విజయనగరం సంగీత కళాశాలలో చదువుకునే రోజుల్లో జోలె పట్టి మధూకరం ఎత్తుకున్నారు. ఆ ఊరి ఇల్లాళ్ళు పెట్టిన పిడికెడు మెతుకులే ఆ కంఠానికి బలమయ్యాయి. ఆకలిని జయించి ఆయన ఆర్జించిన నాదాన్ని మనం ఇవాళ బొటనవేలితో పక్కకు తోస్తున్నాం.

యాప్‌ను నిందించడానికి ఇది రాయడం లేదు. ఒకప్పుడు కాగితం మీద పాటల చీటీ రాసిచ్చి, క్యాసెట్టు నింపే కొట్టు చుట్టూ వారం రోజులు తిరిగినవాణ్ణి నేను. తర్వాత సెల్ షాపులో చిప్‌లో పాటలు ఎక్కించుకున్నాం. ఇప్పుడు మన్యంలో మేకలు కాసుకునే పిల్లవాడు కూడా సిగ్నల్ ఉన్నచోట నిలబడితే చాలు, సుశీలమ్మ గొంతు వినగలడు. రాజాస్థానాలకు దక్కని భాగ్యం ఇది. అయితే ఆ భాగ్యానికి తగిన పాత్రత మనకుందా?

రేడియో కాలంలో పాటకు ముందో వెనకో చిత్రం, రచన, సంగీతం, గానం అని నాలుగు పేర్లు చెప్పేవారు. అంట్లు తోముతూ విన్న అమ్మలకు కూడా ఆత్రేయ ఎవరో, ఆరుద్ర ఎవరో తెలియడానికి కారణం అదే. ఈటీవీలో 1996లో మొదలైన 'పాడుతా తీయగా'లో బాలసుబ్రహ్మణ్యం పాట కన్నా ముందు పాట పుట్టుక చెప్పేవారు. పిల్లలు పాడటం నేర్చుకున్నారు, పెద్దలం నమస్కరించడం నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ పేర్లు తెర మూలన మూడు చుక్కల వెనకాల ఉన్నాయి. నొక్కితే చాలు, చాలా పాటలకు కనబడతాయి. ఎవరం నొక్కుతున్నాం?

ఏటా జూలై 4న మన ప్రాంతమంతా అల్లూరి సీతారామరాజు జయంతి చేసుకుంటాం. ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట మనకు ఎంతో దూరం కాదు. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' చిత్రంలోని పాట ఆ రోజు ప్రతి కూడలిలో మోగుతుంది, ప్రతి ఫోనులో స్టేటస్ అవుతుంది. అది రాసినందుకు శ్రీశ్రీకి ఆ ఏడాది ఉత్తమ గీత రచయితగా జాతీయ పురస్కారం వచ్చింది. పాడిన ఘంటసాల చిత్రం విడుదలయ్యే నాటికి కన్నుమూశారు. మన విశాఖలో పుట్టిన కవి, మన మన్యం వీరుడి మీద కట్టిన పాట. దాని కర్త ఎవరో మన పిల్లలకు చెప్పలేని జయంతి ఎవరి తృప్తికి? వీరుడికి దండ వేసి, ఆ వీరుణ్ణి మన నోళ్ళలో నిలిపినవాణ్ణి మరిచిపోవడాన్ని ఏమనాలి? కృతఘ్నత అన్నది పెద్ద మాటే. చిన్న మాట నాకు దొరకలేదు.

కృతఘ్నతకు తోబుట్టువు అశ్రద్ధ. శ్రద్ధ లేనిచోట విద్య నిలవదని మన పెద్దలు ఊరికే అనలేదు. వినడమూ ఒక విద్యే. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని లెక్కపెట్టుకున్న జాతి మనది. శ్రోతకు మాత్రం ఋణం లేదా? ప్రకటనలు రాకుండా చేసే దొంగ యాప్ లంకెను వాట్సాప్‌లో పంచుకుంటున్నది ఎవరు? చదువుకున్న మనమే. ఉద్యోగస్థులమే, ఉపాధ్యాయులమే. నెలకు ఇంచుమించు ఒక బిరియానీ పొట్లం ఖరీదు చేసే చందా మనకు భారమైపోయింది! కూలిపని చేసుకుంటూ ప్రకటనలు భరించి వినేవాడు మనకన్నా నిజాయితీపరుడు. కవికీ స్వరకర్తకూ రాయల్టీ హక్కును కాపాడుతూ 2012లో చట్టం సవరించారు. చట్టం హక్కు ఇవ్వగలదు గాని మనకు సిగ్గు ఇవ్వలేదు.

ఇంకొక బాధ ఉంది. స్పాటిఫై అనే పాటల యాప్ 2024 నుంచి ఒక నియమం అమలు చేస్తోంది. ఏడాదిలో కనీసం వెయ్యిసార్లు మోగని పాటకు పైసా రాదు. మన ఏజెన్సీ యువకులెవరైనా థింసా పాట రికార్డు చేసి పెట్టారనుకోండి. నర్సీపట్నంలో వెయ్యిమందిమి ఒక్కొక్కసారి విన్నా ఆ గీత దాటుతుంది. వెయ్యిమంది మన ఊళ్ళో లేరా? అబీద్ సెంటర్‌లో ఒక్క సాయంత్రం నిలబడితే అంతమంది కనబడరూ? తప్పెటగుళ్ళు, జముకుల కథలు అంతరించిపోతున్నాయని సభల్లో కన్నీరు పెట్టే మనం, మన ఫోనులో ఒక్కసారైనా వాటి పేరు టైపు చేశామా? యంత్రం మనకు నచ్చినదాన్నే తిరిగి వడ్డిస్తుంది. మన అభిరుచి ఎండిపోతే అది మాత్రం ఏం చేస్తుంది?

అయినా నేను నిరాశ పడను. ఆ రోజు లంబసింగి దాటాక సిగ్నల్ మళ్ళీ వచ్చింది. కుర్రాడు నా వైపు చూసి, మూడు చుక్కలు నొక్కి, రచయిత పేరు పైకి చదివాడు. తర్వాత ఇయర్‌ఫోన్లు తీసి పెట్టుకున్నాడు. సిగ్గుతోనో, మర్యాదతోనో తెలియదు. ఆ పాట మాత్రం వేలితో తోసెయ్యకుండా చివరిదాకా విన్నాడు.

ఈ రాత్రి పడుకునే ముందు మీ ఇంట్లో ఏదో ఒక పాట మోగుతుంది. అది రాసినవారి పేరు మీ పిల్లలకు చెప్పండి. తెలియకపోతే ఇద్దరూ కలిసి వెతకండి. ఒక్క చరణం నోటికి వచ్చేదాకా దాన్ని మార్చకండి.