కత్తిరింపు పేరిట అంగచ్ఛేదం

ఏటా శివరాత్రి దాటగానే మన వీధులలో ఒక సన్నాహం మొదలవుతుంది. అది వేపచెట్టు ఆకు రాల్చే కాలం. వాకిలి ఊడ్చి ఊడ్చి విసిగిన ఇంటి యజమాని, గొడ్డలితో వీధిన పోయే కూలీని పిలుస్తాడు. పూట గడిచేసరికి ఇరవై ఏండ్ల చెట్టు రెండు మొండి చేతులను ఆకాశానికెత్తి నిలుస్తుంది. నెల తిరగకముందే ఆ యజమాని ఎండకు తాళలేక ఏసీ కొంటాడు. దీనికి మనం పెట్టుకొన్న పేరు చెట్టు కత్తిరింపు. వైద్యుడిగా నేను పెట్టే పేరు అంగచ్ఛేదం.

ఈ మాట కటువుగా తోచవచ్చు. కాని శస్త్రవైద్యుడు కత్తి పట్టే ముందు రెండు ప్రశ్నలు వేసుకొంటాడు. ఈ కోత అవసరమా? కోసిన తరువాత రోగి తేరుకోగలడా? వీటికి జవాబు లేకుండా కత్తి పట్టినవానిని మనం వైద్యుడని పిలువము. చెట్టు విషయంలో మాత్రం ఆ ప్రశ్నలు అడిగేవారే లేరు.

'కొట్టేస్తే గుబురుగా చిగురిస్తుంది కదా' అనేది మొదటి వాదన. చిగురిస్తుంది, నిజమే. కాని అది ఆరోగ్యానికి గుర్తు కాదు. ఆహారం తయారుచేసేది ఆకు. ఆకులన్నీ ఒక్కసారిగా పోతే, చెట్టు మానులోను వేళ్లలోను దాచుకొన్న పిండిపదార్థాన్ని ఖర్చుచేసి, బతుకుమీది ఆశతో ఆదరాబాదరాగా రెమ్మలు వేస్తుంది. పాత కొమ్మ మాను చెక్కతో ఏండ్ల తరబడి పెనవేసుకొని పెరిగినది. ఈ కొత్త రెమ్మ బెరడు కిందనుండి పైపైన పుట్టినది. నాలుగేండ్లకు అది బరువెక్కుతుంది. ఈదురుగాలికి ముందు విరిగేది అదే. మునగను, మల్లెను బాగా కిందికి కొట్టినా తిరిగి కాస్తాయి, పూస్తాయి. ఆ అనుభవాన్ని వేపకు, కానుగకు అంటగట్టడమే పొరపాటు.

'చెట్టుంటే దోమలు' అనేది రెండవ వాదన. డెంగీ దోమ గుడ్లు పెట్టేది నిలువనీటి దగ్గర: కూలరులో, పూలకుండీ కింది పళ్లెంలో, మూతలేని డ్రమ్ములో. అడ్డదిడ్డంగా నరికిన కొమ్మ పుచ్చి తొర్ర పడితే, అందులో నిలిచే వాననీరు దోమలకు మరొక నివాసమవుతుంది.

మూడవది భయం. 2014 అక్టోబరు 12న విశాఖపట్నంలో హుద్‌హుద్ తుపాను చెట్లను కూల్చిన తీరు చూసినవారికి అది సహజమే. ఎండిన కొమ్మను, చీలిన కొమ్మను, ఇంటికప్పుమీదికి వాలిన కొమ్మను తీయవలసినదే. కాని మాను చుట్టూ జానెడు మట్టి కూడా వదలకుండా సిమెంటు పోసి, కాలువకోసం ఒకవైపు వేళ్లు నరికి, ఆపైన చెట్టు పడిపోతుందని తల నరకడం ఏపాటి న్యాయం? చెట్టును కొట్టివేయడానికి 2002 నాటి వాల్టా చట్టం కింద సాధారణంగా అనుమతి కావాలి. ఆ తిప్పలు తప్పించుకోవడానికి ముందు మోడుచేసి, పిదప ఎండగొట్టేవారూ ఉన్నారు. వారికి నా వ్యాసంతో పనిలేదు.

మిగిలినవారు ఈ పద్ధతి పాటించండి. ముందు ఎండినవి, చీడపట్టినవి, ఒకదానినొకటి రాసుకొనేవి తీయండి. వాటితో పని తీరితే అక్కడితో ఆపండి. ఒక ఏడాదిలో పచ్చని కొమ్మలలో నాలుగవ వంతుకు మించి తీయరాదు. ముసలిచెట్టుకు అంతకంటె తక్కువ. మార్చి నుండి మే వరకు పెద్ద కోతలు వద్దు. నీడ మనకు అత్యవసరమైన కాలమది. పైగా ఒక్కసారిగా ఎండకు బయటపడిన బెరడు మాడి పగులుతుంది. మామిడికి మాత్రం కాయకోత ముగిసిన వెంటనే, జూన్, జూలై నెలలు అనువైనవి.

గొడ్డలి మానండి, రంపం వాడండి. బరువైన కొమ్మను ఒకే కోతతో తీస్తే అది మాను బెరడును చీల్చుకొని పడుతుంది. మానుకు అడుగు దూరాన, కొమ్మ కిందివైపు మూడవ వంతు లోతున ముందు కోయాలి. దానికి రెండంగుళాలు అవతల పైనుండి కోసి బరువు దించాలి. మిగిలిన మొండిని చివర తీయాలి. కొమ్మ మానుతో కలిసేచోట ఉబ్బెత్తుగా ఒక వలయం ఉంటుంది. దానిని గాయపరచకుండా, దాని వెలుపలి అంచునే కోయాలి. కోతను కప్పే కణజాలం పుట్టేది అక్కడే. మన చర్మంలా చెట్టు గాయం మానదు. చెట్టు ఆ భాగాన్ని లోపల గోడకట్టి వేరుచేసి, పైన కొత్త చెక్కతో కప్పుకొంటుంది. అమెరికా అటవీశాఖ శాస్త్రజ్ఞుడు అలెక్స్ షైగో వేలాది మానులను కోసి చూసి చెప్పిన సత్యమిది. కోతకు తారో, పెయింటో పూసినంతమాత్రాన లోపలి కుళ్లు ఆగదు.

ఇక చెట్టెక్కే మనిషి మాట. ఇనుప దోటితో కొమ్మను లాగబోయి, విద్యుత్తు తీగ తగిలిన యువకుని ఒకనాడు నా వద్దకు తెచ్చారు. అప్పటికే ప్రాణం పోయింది. 'తీగ దూరంగానే ఉందనుకొన్నాం' అని ఇంటి యజమాని పదే పదే అన్నాడు. ఆ మాట నేను మరువలేదు. తీగల దగ్గరి కొమ్మ మీ పని కాదు, మీ కూలీ పని కూడా కాదు. విద్యుత్తు సిబ్బందికి చెప్పి, సరఫరా ఆపించిన తరువాతనే ఆ కొమ్మ జోలికి పోవాలి. ఎవరికైనా షాకు తగిలితే తాకవద్దు. ముందు సరఫరా ఆపించండి, 108కు ఫోను చేయండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్య నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కండి. ఎత్తునుండి పడినవానిని మెడ కదిలేలా లేవనెత్తవద్దు. పని ముగిశాక ఆకులకు నిప్పు పెట్టవద్దు. పక్కింటి ఉబ్బసరోగికి ఆ పొగ ఆసుపత్రి దారి చూపుతుంది.

ఏ కొమ్మ తీయాలి, ఎందుకు తీయాలి? ఈ రెండూ చెప్పగలిగితేనే రంపం చేతబట్టండి. చెప్పలేకపోతే చీపురు అందుకోండి. ఆకు రాలేది నెలరోజులే. మోడైన చెట్టు మళ్లీ నీడనివ్వడానికి ఏండ్లు పడుతుంది.