నర్సరీ నుంచి మొక్కతోపాటు వచ్చే సీసా

మీ పేటలో ఇరవై, ముప్పై ఏళ్లుగా నడుస్తున్న నర్సరీ ఒకటి ఉండే ఉంటుంది. కడియం నుంచి లారీలో వచ్చిన మొక్కలను దించుకొని, కొన్నాళ్లు నీడలో ఉంచి, మన ఊరి ఎండకు అలవాటు పడ్డాకనే అమ్మే పాతకాలపు వ్యాపారి అక్కడ ఉంటాడు. ఫోనులో బొమ్మ చూసి మొక్కను తెప్పించుకోవడం కంటే అటువంటి చోటికి నడిచి వెళ్లి కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం. నడక వల్ల కలిగే మేలు సరేసరి. అడిగితే జవాబు చెప్పగల మనిషి అక్కడ ఉన్నాడన్నది అసలు సంగతి.

అయితే మనం అతడిని అడిగేది ఏమిటి? ఎండలో పెట్టాలా, నీడలో పెట్టాలా, రోజూ పూస్తుందా అని మాత్రమే. పసిపిల్లలున్న ఇంటికి ఈ మొక్క తగునా అని అడిగేవారు అరుదు.

పచ్చగన్నేరునే తీసుకోండి. దాని గింజలలో గుండె లయను దెబ్బతీసే గ్లైకోసైడులు ఉంటాయి. అవి కడుపులోకి వెళితే వాంతులతో మొదలై, నాడి మందగించి, ప్రాణాపాయం వరకు రావచ్చు. ఎర్రగన్నేరులోనూ ఆకు, పువ్వు, వేరు అన్నీ విషమే. నడవాలో అందంగా నిలిచే, ఆకులపై తెల్లని మచ్చలుండే డీఫెన్‌బేకియాలో సూదుల వంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. పాకే బిడ్డ ఆ ఆకును కొరికితే నోరు మండి, పెదవులు, నాలుక వాచిపోతాయి. ఈ మొక్కలను అమ్మరాదని నేననను. పూజకు గన్నేరు పూలు కావలసిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఏది ఎక్కడ పెట్టాలో తెలిసి పెంచుకోండి.

ఇంతకంటే నన్ను కలవరపెట్టేది మరొకటి ఉంది. మందారానికి పిండినల్లి పట్టిందని చెప్పగానే, ఆ పెద్దాయన లోపలికి వెళ్లి పెద్ద డబ్బాలోని పురుగుమందును ఖాళీ నీళ్ల సీసాలో కొంచెం పోసి తెస్తాడు. "మూతెడు మందు బకెట్టు నీళ్లలో కలిపి కొట్టండమ్మా" అంటాడు. డబ్బులు కూడా పుచ్చుకోడు. ఏళ్ల తరబడి ఏర్పడిన నమ్మకం వల్ల మనమూ మారుమాట లేకుండా అందుకుంటాం. అపరిచితుడు ఇస్తే వద్దనే వస్తువు, తెలిసినవాడు ఇచ్చినందువల్ల ఇంట్లోకి వస్తుంది. చీటీ లేని ఆ సీసా వంటింటి గట్టు మీదకో, స్నానాల గది కిటికీలోకో చేరుతుంది. అందులో ఏముందో నెల తిరిగేసరికి కొన్నవారికే గుర్తుండదు.

2013 జులైలో బిహార్‌లోని సారణ్ జిల్లాలో బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షలో తేలింది. పురుగుమందు వాసన, రంగు చూసి జాగ్రత్తపడగలమని అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చీటీ కేవలం చట్టం కోసం అంటించినది కాదు. దానిపై మందు పేరు, విరుగుడు, విష తీవ్రతను తెలిపే రంగు గుర్తు ఉంటాయి. ఎరుపు అత్యంత విషపూరితం. తరువాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. మింగినది ఆర్గానోఫాస్ఫరస్ మందని తెలిస్తే వైద్యుడు అట్రోపిన్‌తో తడుముకోకుండా చికిత్స ఆరంభిస్తాడు. పేరు తెలియకపోతే లక్షణాలను బట్టి ఊహించవలసిందే. అత్యవసర విభాగంలో పనిచేసిన ఏ వైద్యుణ్ణి అడిగినా, ఆ ఊహకు పట్టే నిమిషాల విలువ చెబుతాడు.

కనుక ఈసారి ఆయన సీసా తెచ్చినప్పుడు మర్యాదగానే వద్దనండి. ఆయన నొచ్చుకోడు, నొచ్చుకున్నా ఫరవాలేదు. పది కుండీల పెరటికి పొలంలో వాడే మందు అవసరమే లేదు. పురుగు పట్టిన కొమ్మను కత్తిరించి, సబ్బునీళ్లో, వేపనూనె కలిపిన నీళ్లో చల్లితే చాలావరకు అదుపులోకి వస్తుంది. (వేపనూనె సహజమైనదే కదా అని పసిబిడ్డలకు తాగించేరు, అది వారికి ప్రాణాంతకం కావచ్చు.) మందే కొనవలసి వస్తే సీలు తీయని, చీటీ ఉన్న చిన్న సీసానే కొని, తాళం వేసే చోట ఉంచండి.

ఇప్పటికే ఇంట్లో ఎవరైనా ఏదైనా మింగి ఉంటే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. 108కు ఫోను చేసి, ఆ సీసాను, మొక్క అయితే దాని కొమ్మను, ఆసుపత్రికి వెంట తీసుకువెళ్లండి.