సూదికి ముందు స్లైడు

మంద వెంట నడవలేక గొర్రె వెనకబడుతుంది. కనురెప్ప విప్పితే లోపల తెల్లగా పాలిపోయి ఉంటుంది. కాపరి నట్టల మందు తాగిస్తాడు. తగ్గదు. మందుల షాపువాళ్లు ఇచ్చిన సూది వేయిస్తాడు. రక్తం చూడకుండా సాగుతున్న ఈ వైద్యాన్ని ఇకనైనా ఆపాలి.

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణది దేశంలో మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. రెండుచోట్లా కలిపి 3.6 కోట్లకు పైగా ఉన్నాయి. ఇన్ని జీవాలున్న చోట పిడుదుల జ్వరాలను ఊహతో తేల్చడం అన్యాయం.

పిడుదులు అంటించే అనాప్లాస్మా ఓవిస్ అనే బ్యాక్టీరియా ఎర్ర రక్తకణాల్లో చేరుతుంది. ఆ కణాలను గొర్రె శరీరమే నాశనం చేసుకుంటుంది కనుక రక్తం తగ్గిపోతుంది. రక్తం పీల్చే నట్టలున్నా జీవం ఇలాగే పాలిపోతుంది. పిడుదుల వల్లే వచ్చే బబీసియా, థైలీరియా బ్యాక్టీరియాలు కావు, వాటి మందులు వేరు. అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్ వాడతారు. బబీసియాకు వాడే డైమినజీన్ అనాప్లాస్మా మీద పనిచేయదు. ఎర్ర మూత్రం బబీసియాకు, ఉబ్బిన గ్రంథులు థైలీరియాకు ఆనవాళ్లే గానీ ప్రతిసారీ కనిపించవు.

తేల్చే పరీక్షకు పెద్ద ఖర్చు లేదు. చెవి నరం నుంచి ఒక్క చుక్క రక్తం తీసి, గాజు స్లైడు మీద పలుచగా లాగి, ఆరాక మిథనాల్‌లో ముంచి, జీమ్సా రంగు వేస్తారు. వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తే ఎర్రకణం అంచున ముదురు ఊదా చుక్క కనిపిస్తుంది. రంగు మడ్డి కూడా అలాగే భ్రమింపజేస్తుంది, అందుకే చూసే కన్నుకు శిక్షణ కావాలి. మండల పశువైద్యశాలలో మైక్రోస్కోపుతో పాటు ల్యాబ్ టెక్నీషియన్ ఉండాలని మేం గట్టిగా కోరేది ఇందుకే.

చుక్క కనబడనంత మాత్రాన జబ్బు లేదనుకోరాదు. కోలుకున్న గొర్రె రక్తంలో బ్యాక్టీరియా కొద్దిగా, చాలాకాలం దాగి ఉంటుంది. దాన్ని పట్టేది పీసీఆర్ పరీక్షే. 2017లో మొదలైన తెలంగాణ గొర్రెల పంపిణీకి పొరుగు రాష్ట్రాల నుంచి జీవాలను తెచ్చారు. ఇకపై అలాంటి కొనుగోలు ఏదైనా సరే, లారీ ఎక్కించే ముందే కొన్ని జీవాల రక్త నమూనాలకు పీసీఆర్ చేయించడం తప్పనిసరి చేయాలి.

సిబ్బందికి తీరిక లేదన్న జవాబు చెల్లదు. నట్టల నివారణ కోసం మందలను ఒకచోట చేర్చుతూనే ఉన్నారు కదా, పాలిపోయిన జీవాల స్లైడ్లు అప్పుడే తీయొచ్చు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం మంద దగ్గరికి వెళ్లినప్పుడూ అదే పని చేయాలి. ఫలితం కాపరికి ఫోనులో చెప్పాలి.

కాపరులకూ ఒక మాట. పిడుదులు పట్టిన గొర్రె పాలిపోయి కనిపిస్తే, సూది వేసే ముందు రక్తం తీసి చూడమని డాక్టరును అడగండి.